పరదా డ్యూటీకి పోయింది

మొయినాబాద్ సర్కారు దవాఖానలో పొద్దున్నే జరిగే పనులు ఏ దవాఖానలోనైనా జరిగేవే. ఆయా వరండా ఊడుస్తుంది. షుగర్ పరీక్షకు పరగడుపున వచ్చినవాళ్లు బెంచీ మీద కూర్చుని ఇంట్లో వండిన ఉప్మా గురించి మాట్లాడుకుంటారు. లిదియా సిస్టర్ స్కూటీ గేటు బయట ఆగి హారన్ కొడుతుంది. గేటు బార్లా తెరిచే ఉంటుంది, అయినా కొడుతుంది. తాను వచ్చిన సంగతి ఊరికి తెలియకుండా దవాఖాన మొదలవడం ఆవిడకు ఇష్టం ఉండదు. ఆ తర్వాత కాన్పుల గది వెనక్కి వెళ్లి, దండెం మీద ఆరేసిన పచ్చ పరదాను దులిపి, అంచులు చూసి, ఎక్కడైనా పోగు లేస్తే కుట్టి, "ఇగ పో" అంటుంది. పరదా పోతుంది.

ఎక్కడికి పోతుందో దానికే తెలియాలి. పదిమందిలో బిడ్డ ఆకలికి ఏడ్చి, తల్లి అటూ ఇటూ చూసి కొంగు సర్దుకుని, "ఇక్కడెట్ల" అని ఆగిపోయిన చోటికి పోతుంది. చేవెళ్ల మార్కెట్లో టమాటా బాక్సుల మధ్యకు పోతుంది. చిల్కూరు గుడి దగ్గర ప్రదక్షిణలు చేసేవాళ్ల వరసలోకి పోతుంది. బ్యాంకులో టోకెన్ పట్టుకుని నిలబడ్డ పిల్లతల్లి దగ్గరకు పోతుంది. వెళ్లి ఆమె చుట్టూ గాలిలో నిలబడుతుంది, బిడ్డ కడుపు నిండాక మడత పెట్టుకున్నట్టు దగ్గరికై ఇంటిదారి పడుతుంది. అది వస్తుంటే ఆటోవాళ్లు పక్కకు తీస్తారు. బస్సులో కండక్టర్లు వెనక తలుపు తెరిచి పెడతారు. మునుపు దానికి టికెట్ కొట్టాలా వద్దా అని కొందరికి అనుమానం ఉండేది. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆ అనుమానం కూడా తీరిపోయింది.

ఒకసారి జిల్లా నుంచి తనిఖీకి వచ్చిన సారు గదిలో సామాను లెక్క చూసి, "ఈ స్టాండుకు పరదా ఏది?" అని అడిగాడు.

"డ్యూటీకి పోయింది సార్," అంది లిదియా సిస్టర్.

"ఎప్పుడొస్తది?"

"పిల్ల కడుపు నిండినంక."

సారు కాసేపు ఆలోచించి, "విధి నిర్వహణలో ఉంది" అని రాసుకుని చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆయన కూడా ఒక తల్లి బిడ్డే కదా.

తల్లిపాల గురించి సర్కారు చేయనిది లేదు. ఆగస్టు వస్తే వారోత్సవాలు, బ్యానర్లు, ర్యాలీలు, బొద్దు పాపల పోస్టర్లు. ఒక ఆఫీసులో, ఊరి పేరెందుకు లెండి, పాలిచ్చే తల్లులకని ప్రత్యేకంగా ఒక గదే కట్టారు. గులాబీ రంగు వేసి, రిబ్బన్ కత్తిరించి, తాళం వేశారు. తాళంచెవి ఉన్న మనిషి ఎప్పుడూ లంచ్‌కు వెళ్లి ఉంటాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు. ఆ గది ముందు కూడా మన పరదా ఎన్నోసార్లు వేలాడింది.

అయితే పరదా తెరగా నిలబడుతుందంతే, పాలు పట్టడం నేర్పదు. ఆ పని లిదియా సిస్టర్‌ది, ఆ పనిలో ఆమెను మించినవాళ్లను ఈ కథ చెప్పేవాళ్లు చూడలేదు. ఆమెది చేవెళ్ల. చర్చిలో పాడే గొంతు. గుసగుసగా మాట్లాడటం దేవుడు ఆమెకు నేర్పడం మర్చిపోయాడు. బాలింత ఇంటికి వెళ్లి, మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "తలకాయ కాదు బిడ్డా, మొత్తం పిల్లను నీ కడుపుకు ఆనిచ్చుకో. నోరు పెద్దగ తెరవనీ. ఇంకా పెద్దగ. ఆఁ, గట్ల!" అని చెబుతుంటే ఆ గల్లీ అంతా వింటుంది. చిల్కూరులో పెళ్లికాని కుర్రాళ్లకు కూడా పసిబిడ్డను రొమ్ముకు ఎట్లా ఆనించాలో తెలుసు. పాలు రావడం లేదని ఏడ్చే తల్లి దగ్గర పాలు వచ్చేదాకా కూర్చునేది ఆమె. అత్తలను బతిమాలుతుంది, మొగుళ్లను తిడుతుంది, ముర్రుపాలు పారబోయబోయిన చేతిని పట్టుకుని ఆపుతుంది. బీపీ సర్వే, షుగర్ సర్వే, కంటి శిబిరం, ఫోటోలు తీసి ఫోన్లో ఎక్కించడం, ఇవన్నీ చేసి మిగిలిన పొద్దులో ఇది చేస్తుంది.

రూలు ప్రకారం కాన్పయిన ఆరు వారాల దాకా ఆ ఇంటికి పోయి చూడాలి. మంచి రూలే. ఆ రూలు పుట్టాకే ఎన్నో పసిప్రాణాలు నిలబడ్డాయి. కానీ ఆరు వారాలు దాటగానే సిస్టర్ రావడం తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే కూలి తల్లి ఇల్లు దాటడం మొదలవుతుంది. ఈ సందు సర్కారుకు కనబడలేదు, సిస్టర్‌కూ కనబడలేదు. ముందుగా పరదాకే కనబడింది.

ఆ ఎండాకాలం పరదా రోజూ దుమ్ము కొట్టుకుని రాసాగింది. మనిషైతే కాళ్లు పీక్కుపోయాయి అనే తీరులో దండెం మీద పడేది. "యాడ తిరుగుతున్నవే?" అని సిస్టర్ గద్దించి, ఉతికి, మర్నాడు దాని వెనకే స్కూటీ తీసింది. పరదా చిల్కూరు వైపు పోయింది. ఊరి చివర రేకుల ఇంటి గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి పోలేదు. కాసేపు ఊగి, వెనక్కి తిరిగి, పొలాల మీదుగా అజీజ్‌నగర్ వైపు పోయింది. అక్కడ ఫామ్‌హౌసుల వరసలో ఒక పెళ్లిళ్ల రిసార్టు ప్రహరీ ముందు ఆగింది. ఆ గోడ ముందు కూడా కాసేపు ఊగి, మళ్లీ చిల్కూరు దారి పట్టింది. ఎండలో నడిరోడ్డు మీద, ఈ కొసకూ ఆ కొసకూ మధ్య, ఎటు పోవాలో తెలియక ఆడుతున్న ఆ పచ్చగుడ్డను చూసి సిస్టర్ బండి ఆపింది. బిడ్డ ఒకచోట, తల్లి ఒకచోట ఉంటే పరదా ఎవరి చుట్టూ నిలబడుతుంది?

స్కూటీ తిప్పి రేకుల ఇంటికి పోయింది. ఆ ఇల్లు పద్మమ్మది. కొడుకు మోషే మోకిల వైపు కొత్త ఇళ్లకు నీళ్ల ట్యాంకర్ తోలుతాడు. కోడలు కృప రిసార్టులో పూలపని చేస్తుంది. మూడో నెల నడుస్తున్న మనవరాలు దీవెన చీర ఊయలలో ఉంది. ఆ పిల్ల పుట్టినప్పుడు దగ్గరుండి పాలు పట్టడం నేర్పింది లిదియా సిస్టరే. "ఈ తల్లికి ఫికర్ లేదు" అని తృప్తిగా లేచి వచ్చిన ఇల్లది.

"ఏందవ్వ, మా పరదా మీ ఇంటికొస్తున్నదా?"

"వస్తది సిస్టర్. దర్వాజ కాడ నిలవడ్తది, లోపటికి రాదు. పిల్ల ఏడ్సినంత సేపు ఊగుతది, మల్ల అటు పోతది. దానికేదో పిచ్చి లేసినట్టున్నది," అంది పద్మమ్మ. ఆమె చేతిలో పాలసీసా ఉంది.

సిస్టర్ సీసా తీసుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. పాలలోంచి గోడ మీది చర్చి క్యాలెండర్ అంకెలు కనిపించాయి.

"నీళ్లు ఎక్కువ పోస్తున్నవా అవ్వ?"

"పాలపొడి డబ్బా మాటిమాటికి అయిపోతది. జర ఎక్కువ పోస్తున్న. ఏం జెయ్యాలె మరి?"

సిస్టర్ గుమ్మం దూలానికి తూకం కొక్కెం తగిలించి, పిల్లను సంచిలో వేసి చూసింది. దీవెన ఏడుపులో గొంతే తప్ప బలం లేదు. వారం నుంచి విరేచనాలట. ముల్లు ఎక్కడ ఉండాలో అక్కడికి రాలేదు. సిస్టర్ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఆ గల్లీకి కొత్త, పక్కింటివాళ్లు బయటికి వచ్చి చూశారు. ఉప్పు చక్కెర పొట్లాలు ఇచ్చి, ఎట్లా కలపాలో చూపించి, "కృప పాలు ఏమైనయ్?" అని అడిగింది.

"పాలకేం తక్వ లేదు. పొద్దుందాక రొమ్ములు రాయి లెక్క అయితున్నయట. బాత్రూంల పిండి పారబోస్తున్నదట. మొన్న కృపకు జొరం గూడ వచ్చింది. అందుకే చెప్పిన, బేస్తారం నాడు ఆడ పెద్ద పెండ్లున్నది, మల్లెపూలు మస్తొస్తయి. ఇంత కట్టుకోమన్న. నాలుగు దినాలల్ల ఎండిపోతయి, నొప్పి పీడ వదుల్తది."

ఈ పద్ధతి ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. మల్లెపూలు రొమ్ముల మీద పరిచి గుడ్డతో బిగించి కడితే పాలు వెనక్కి పోతాయి. పెద్ద పిల్లలకు పాలు మాన్పించడానికి కడతారు. బిడ్డ పోయిన తల్లికి కడతారు. బిడ్డ ఊయలలో ఉండగా కట్టుకోమనడం సిస్టర్ అప్పుడే విన్నది.

"పూలు కట్టొద్దవ్వ. ఈ పిల్లకు ఇప్పుడు తల్లిపాలు తప్ప మందు లేదు."

"పని పోతే ఎట్ల సిస్టర్? మోషే ఒక్కని సంపాదన ఇంటికి సరిపోతదా? నేను కట్టుకోలేదా? మోషే పెరగలేదా?" అంది పద్మమ్మ. కోపంగా అనలేదు. బతుకు ఇంతే కదా అన్నట్టు అంది.

సాయంత్రం కృప ఇంటికి వచ్చేదాకా సిస్టర్ అక్కడే కూర్చుంది. కృప చేతులు గులాబీ ముళ్లకు గీసుకుపోయి ఉన్నాయి. పిల్లను ఎత్తుకోగానే రవిక తడిసిపోయింది. దీవెన రెండు గుక్కలు తాగి, సీసాకు అలవాటుపడి, మొహం తిప్పుకుంది. కృప ఏడ్చింది. "నాకు ఇయ్యబుద్ధి కాక కాదు సిస్టర్. ఆడికి పిల్లను తేవొద్దంటున్నరు. పొద్దున ఎనిమిదింటికి పోతె చీకటైతది. నా పాలు మోరీల పోస్తుంటే నా పాణం పోతున్నట్టైతది. ఎండిపోతే గన్క ఈ బాధన్న ఉండది," అంది. ఆమె చిన్నపిల్ల. చదువు ఇంటర్ దాకా. ఒళ్లు దాచుకోకుండా పనిచేసే మనిషి. అట్లాంటి మనిషి నోట ఆ మాట వినడం సిస్టర్ భరించలేకపోయింది.

మర్నాడు స్కూటీ ముందు బుట్టలో పరదాను మడిచి పెట్టుకుని రిసార్టుకు పోయింది. మేనేజర్ ఉదయ్‌భాస్కర్ చేవెళ్లలో కిరాణా వర్తకుల ఇంటి పిల్లవాడు. మర్యాదస్తుడు. కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించాడు.

"పాలిచ్చే తల్లికి పని మధ్యల విరామం ఇయ్యాలె సార్. చట్టం ఉన్నది," అంది సిస్టర్.

"మా స్టాఫ్‌కు ఇస్తం సిస్టర్. నిజంగ ఇస్తం. కృప మా స్టాఫ్ కాదు, కాంట్రాక్టర్ మనిషి."

"కాంట్రాక్టర్‌ని అడిగిన. ఆయనేమో జాగ మీది అన్నడు."

"జాగ మాదే. కానీ గెస్టులు వచ్చే జాగల కూలీల పిల్లలు ఉండొద్దని ఓనర్ రూల్. రేపు ఏ కారో తగిలితే నేను జవాబు చెప్పాలె."

సిస్టర్ గొంతు పెంచింది. లాన్‌లో నీళ్లు పట్టేవాళ్లు పైపులు వదిలేసి విన్నారు. బరువు పడిపోయిన సంగతి చెప్పింది, నీళ్ల సీసా సంగతి చెప్పింది, మల్లెపూల సంగతి కూడా చెప్పింది. ఉదయ్‌భాస్కర్ తల వంచుకుని విన్నాడు. ఇంట్లో అతని భార్య హర్షితకు నెలలు నిండుతున్నాయి, కాబట్టి ప్రతి మాటా తగిలింది. తగిలినా రూలు రూలే. చివరికి బుట్టలోని పరదా వైపు చూసి, "మీ పరదా వస్తే నేను ఆపను సిస్టర్. ఎప్పుడన్నా రానీయండి, గేటు మీద చెప్పి పెడ్త. కానీ పిల్లను రానిచ్చుడు నా చేతుల లేదు," అన్నాడు.

"పిల్ల లేకుంట పరదా ఎందుకు సార్, ఎండ తాకకుండనా?" అని సిస్టర్ లేచింది. అంత గొంతున్న మనిషి ఓడిపోయి స్కూటీ తీస్తుంటే చూసినవాళ్లకు బాధేసింది. దారి పొడుగునా ఆమె కళ్లు తుడుచుకుంటూ బండి నడిపింది. బుట్టలో పరదా కిక్కురుమనలేదు.

బేస్తవారం వచ్చింది. తెల్లారకముందే రిసార్టు వెనక షెడ్డులోకి మల్లెపూల గంపలు దిగాయి. పనికి రాగానే కృప ఆ గంపల ముందు నిలబడింది. తర్వాత రెండు దోసిళ్లు తీసుకుని బాత్రూంలోకి పోయి, పాత ఓణీతో బిగించి కట్టుకుని వచ్చి, దండలు గుచ్చడానికి కూర్చుంది. పక్కన ఉన్న ఆడవాళ్లు చూసీ చూడనట్టు ఉన్నారు. వాళ్లలో కొందరు అంతకుముందు అదే పని చేసినవాళ్లే.

చిల్కూరులో దీవెన ఏడుస్తోంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ పిల్ల పొద్దుటినుంచీ అడుగుతూనే ఉంది. పెట్టాల్సిన అమ్మ గోడ అవతల ఉంది. పద్మమ్మ సీసా కడుగుతుంటే గుమ్మంలో నీడ పడింది. పరదా. ఎప్పటిలా ఊగుతుందని ఆమె పట్టించుకోలేదు. ఆ రోజు అది గడప దాటింది. ఊయల కిందికి పోయి, నాలుగు కొసలూ పైకి లేపి, దీవెనను తనలోకి తీసుకుంది.

పద్మమ్మ సీసా వదిలేసి ఒక కొసను పట్టుకుంది. "ఏయ్, విడువు! యాడికి తీస్కపోతవ్ నా పిల్లను?" అంది. పరదా గుంజలేదు. అక్కడే గాలిలో ఆగి ఉంది. లోపల పిల్ల ఏడుపు ఆపి, కళ్లు పెద్దవి చేసి అవ్వను చూసింది. పద్మమ్మ చాలాసేపు ఆ మొహాన్నే చూసింది. అప్పుడామె మనసులో ఏం తిరిగిందో మనకు తెలియదు. చేతిలోని కొసను వదిలేసి, బయటికి వేలాడుతున్న చిన్న కాలును లోపలికి సర్ది, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఆపింది.

"ఆ పరదా ఎంబడి పోనియ్ కొడుకా."

పరదా ఆ రోజు ఎత్తుగా ఎగరలేదు. సైకిలు ఎత్తులో, నిండు బిందె మోస్తున్న మనిషిలా నెమ్మదిగా పోయింది. చౌరస్తాలో కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టి రెండు వైపులా బండ్లు ఆపాడు. ఆగినవాటిలో ఒక ఇసుక లారీ, ఒక కాలేజీ బస్సు, పూలతో ముస్తాబైన పెళ్లికొడుకు కారు కూడా ఉన్నాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. ముహూర్తం సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. ఒక ఆటో అతను మాత్రం బండి తిప్పి దవాఖానకు పోయి, "సిస్టర్! పరదా పిల్లనెత్తుకొని అజీజ్‌నగర్ పోతున్నది!" అని కేక వేశాడు. షుగర్ పేషెంటు వేలికి సూది గుచ్చబోతున్న లిదియా సిస్టర్ ఆ సూదిని పక్కనున్న నర్సు చేతిలో పెట్టి స్కూటీ అందుకుంది.

రిసార్టు గేటు దగ్గర వాచ్‌మన్ మల్లప్పకు రెండు హుకుంలు ఉన్నాయి. పిల్లలను రానివ్వొద్దు. పరదాను ఆపొద్దు. అతను ఒక్క క్షణం తల గోక్కుని, తర్వాత వచ్చిన హుకుమే పెద్దదని తేల్చుకుని గేటు తీశాడు.

షెడ్డులో కృప ఒళ్లో సగం గుచ్చిన దండ ఉంది. పరదా వచ్చి ఆ దండ మీదే పిల్లను దించింది. దించి, విప్పుకుని, ఆ ఇద్దరి చుట్టూ నిలబడింది. ఆ వెనకే పద్మమ్మ, కాసేపటికి లిదియా సిస్టర్ రొప్పుతూ లోపలికి దూరారు.

"సిస్టర్, నేను కట్టుకున్న," అంది కృప. "పొద్దుగాలనే కట్టుకున్న. ఇగ రావేమో."

"తియ్! ముందు తియ్యి ఆ పూలు!" అని సిస్టర్ అరిచిన అరుపుకు లాన్‌లో సన్నాయి ఆగిపోయింది. "ఒక్క పూటల ఏం కాదు బిడ్డా. నీ పాలు యాడికి పోలె. నేనున్న. ఊపిరి పీల్చుకో."

పూలు కింద రాలాయి, వాడి, పసుపు పచ్చగా. రొమ్ములు గట్టిపడి ఉన్నాయి. దీవెన నోరు పెట్టి, అందక, వీపు విరిచి ఏడ్చింది. మళ్లీ పెట్టింది, మళ్లీ ఏడ్చింది. కృప చేతులు జారిపోయాయి. అప్పుడు సిస్టర్ పని చూడాలి. వేడి నీళ్లలో గుడ్డ ముంచి తెప్పించి కాపడం పెట్టింది. వేళ్లతో మెల్లగా నొక్కి కొంచెం పిండించింది, ముందుభాగం మెత్తబడేదాకా. పిల్ల బట్టలు విప్పి తల్లి ఒంటికి ఒళ్లు ఆనించి, కృపను వెనక్కి వాలమంది. రెండు చుక్కలు పిల్ల పెదవికి రాసింది. "తొందర వద్దు. వాసన చూడనీ. అదే వెతుక్కుంటది. దానికి తెల్సు. నోరు తెరవనీ... ఇంకా... ఇప్పుడు దగ్గరికి తీస్కో!"

పరదా బయట జనం చేరారు. దండలు ఇంకా రాలేదని వచ్చిన పెళ్లివాళ్లు, సన్నాయి మేళం, వంటవాళ్లు, ఉదయ్‌భాస్కర్. అందరూ ఆ గొంతు వింటూ నిలబడ్డారు. తర్వాత గొంతు ఆగింది. ఏడుపూ ఆగింది. ఆ నిశ్శబ్దంలో గుటక వినిపించింది, దాని వెంట ఇంకో గుటక. ఆకలి మీదున్న బిడ్డ గబగబా మింగుతున్న చప్పుడు. వంటమనిషి ఒకామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. లోపల కృప, "వస్తున్నయ్ సిస్టర్, వస్తున్నయ్," అంటోంది, అదేదో తన జన్మలో మొదటిసారి చూస్తున్నట్టు.

ఉదయ్‌భాస్కర్ ఫోన్ తీసి కాంట్రాక్టర్‌కు కలిపాడు. "షెడ్డుల సర్కారు పరదా ఉన్నది. అది ఉన్నంత జాగ మనది కాదు. అండ్ల ఎవరున్నరని నువ్వడగకు, నేను అడగ," అన్నాడు. ఓనర్‌కు ఏం చెప్పాలో తర్వాత చూసుకుందామనుకున్నాడు. సిస్టర్ బయటికి రాగానే, "రేపు గూడ వస్తదా సిస్టర్?" అని అడిగాడు.

"రేపు పిల్లకు ఆకలి కాదా సార్?"

"అట్ల కాదు. రోడ్డు మీద ఇసుక లారీలున్నయ్. గాలిల మోసుకొచ్చుడు వద్దు. పొద్దుగాల తల్లితోనే ఆటోల రమ్మనండి. అవ్వను గూడ రమ్మనండి, పిల్ల దగ్గర కూసుంటది." పూలు గుచ్చుతున్న ఆడవాళ్ల వైపు చూసి, "ఇంకెవరికన్న చిన్న పిల్లలుంటే వాళ్లు గూడ," అన్నాడు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ షెడ్డులో ఇంకా ఎందరి రొమ్ములు పొద్దంతా బరువెక్కి ఉంటాయో అతనికి అప్పటిదాకా తెలియదు.

లోపల పద్మమ్మ నేల మీద కూర్చుని రాలిన పూలు ఏరుతోంది. ఎవరూ అడగకుండానే మాట్లాడింది. "నాకు మా అత్త కట్టింది. ద్రాక్షతోటల పనికి పోవాలె అప్పుడు. నా పెద్దోడు ఇంతనే ఉండె, దీవెనంత. నీళ్ల పాలు తాగి తాగి వానకాలం రాంగనే పోయిండు. మోషే ఆ తర్వాత పుట్టిండు. మోషేకు గూడ తెల్వది ఈ ముచ్చట."

కృప ఖాళీగా ఉన్న చెయ్యి చాపి అత్త భుజం మీద వేసింది. "పాపం ఎవరిది అత్తమ్మా," అంది. పద్మమ్మ ఏరిన పూలు ఒళ్లో పోసుకుంది.

దీవెన కడుపు నిండి, నోరు తెరుచుకునే నిద్రపోయింది. కృప పిల్లను భుజాన వేసుకుని బయటికి వచ్చింది. ఇక పరదా దగ్గరికై మొయినాబాద్ దారి పట్టాలి. ఎప్పుడూ అంతే. ఆ రోజు అది కదల్లేదు. సిస్టర్ తియ్యబోయి, ఆగింది. పరదా నేల దాకా దిగి ఇంకా దగ్గరగా చుట్టుకుంది. లోపల పద్మమ్మ ఒక్కతే ఉంది.

లాన్‌లో సన్నాయి మళ్లీ మొదలైంది. ఎవరో దండలు అందుకుని పోయారు. షెడ్డులో ఆడవాళ్లు సూదులు పక్కన పెట్టి కూర్చున్నారు. పరదా వెనక నుంచి పద్మమ్మ ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది, నిద్రపోయే పిల్లవాడిని పాలకు లేపినట్టు, మళ్లీ మళ్లీ. అది మోషే పేరు కాదు. దీవెన పేరూ కాదు. కాపురానికి వచ్చిన ఇన్నాళ్లలో కృప ఆ ఇంట్లో ఆ పేరు ఎన్నడూ వినలేదు.